నాణేల సెట్‌కు గ్రేడింగ్ చేయించి స్లాబ్‌లో పెట్టించడం ఎలా?

టంకశాల నుంచి వచ్చిన సెట్‌ను గ్రేడింగ్‌కు పంపాలనుకోగానే చాలామంది ముందు చేసే పని ప్యాకింగ్ కత్తిరించడం. నిజానికి అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. సెట్ మొత్తాన్ని ఒకే హోల్డర్‌లో (నాణేన్ని లోపల పెట్టి సీలు వేసే ప్లాస్టిక్ పలక, స్లాబ్ అన్నా ఇదే) పెట్టించాలా, ఒక్కో నాణేన్ని విడిగా పెట్టించాలా, అసలు పంపాలా వద్దా అన్నవి కత్తెర పట్టకముందే తేలాలి. ఒకసారి విప్పిన సెట్‌ను మళ్లీ టంకశాల మూసినట్టు మూయడం ఎవరి వల్లా కాదు.

గ్రేడింగ్ అంటే నాణెం అసలుదో కాదో తేల్చి, దాని స్థితికి 1 నుంచి 70 దాకా ఒక అంకె ఇవ్వడం. ఈ కొలమానానికి మూలం 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి నాణేలైన పెద్ద సెంట్ల కోసం రూపొందించిన పద్ధతి. ఈ రోజు ప్రపంచమంతా ఎక్కువగా నమ్మే రెండు సంస్థలూ అమెరికావే: 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ. చలామణిలోకి వెళ్లి ఏ కొంచెమైనా అరిగిన నాణేనికి 58 దాటదు. అరగని మామూలు నాణేలకు ఎంఎస్ (మింట్ స్టేట్) 60 నుంచి 70, సేకరణ కోసం అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించే ప్రూఫ్ నాణేలకు పీఎఫ్ లేదా పీఆర్ 60 నుంచి 70 ఇస్తారు. కడిగిన, గీసిన, పాలిష్ పట్టిన నాణేనికి మాత్రం అంకె ఉండదు, ‘డీటెయిల్స్’ అని రాసిస్తారు. ఆ మాట పడిన నాణెం ధర బాగా పడిపోతుంది.

మొదటి పని: పంపకూడనివి పక్కన పెట్టండి

మన ప్రాంతంలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, గ్రేడింగ్ కోసమైనా సరే. కోటిలింగాల, పెద్దబంకూరుల్లో దొరికిన శాతవాహనుల నాణేల కోవకు చెందినవి, కాకతీయుల కాలం నాటివి విదేశీ గ్రేడింగ్ గురించి ఆలోచించాల్సినవే కావు.

పొరపాటు ఎక్కువగా జరిగేది హాలీ సిక్కా, అంటే నిజాం సంస్థానం సొంత నాణెం, దగ్గర. వరంగల్, కరీంనగర్ ఇళ్లలో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. హిజ్రీ 1337 అంటే 1918–19, కాబట్టి దానికి నూరేళ్లు దాటాయి. అదే నిజాం చివరి ఏళ్లలో ముద్రించిన రూపాయికి ఇంకా నిండలేదు. పావలా, అర్ధ రూపాయి, రూపాయి కలిపి ఒక సెట్‌గా కూర్చుకున్నవాళ్లు ఒక్కో నాణెం సంవత్సరాన్నీ విడిగా లెక్క కట్టుకోవాలి. సెట్‌లో ఒక్కటి నూరేళ్లు దాటినా ఆ సెట్ మొత్తం ఇక్కడే ఉండాలి.

పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో దొరికిన నాణేల సంగతి పూర్తిగా వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు తెలియజేయాల్సిందే.

రెండో పని: ఒకే హోల్డరా, విడివిడిగానా?

బహుళ నాణేల హోల్డర్ అంటే సెట్‌లోని నాణేలన్నీ ఒకే ప్లాస్టిక్ పలకలో, ఒక్కోదానికి దాని వ్యాసానికి తగ్గ గుంటలో కూర్చునేది. చూడ్డానికి అందంగా ఉంటుంది, సెట్ చెదిరిపోదు. అయితే గ్రేడర్లు సెట్‌కు ఒక మార్కు వేసి సరిపెట్టరు, ఒక్కో నాణేన్ని విడిగానే చూస్తారు. కాబట్టి రుసుము కూడా సాధారణంగా నాణేల లెక్కనే పడుతుంది, దాని మీద హోల్డర్ ఖర్చు అదనం. ఒకే పలక గనుక ఒకే నాణెం ఖర్చు అనుకుంటే బిల్లు చూసి అదిరిపడాల్సి వస్తుంది.

సెట్లకు మా లెక్క ఇది. అన్ని నాణేలూ ఒకే టంకశాలవి, ఒకే సంవత్సరానివి అయి, అన్నీ దాదాపు ఒకే స్థాయిలో మెరుస్తుంటే ఒకే హోల్డర్ మంచిది. ఒక్క నాణెం మిగతావాటికన్నా ఎంతో మెరుగ్గా ఉంటే విడదీయండి. దానికి వచ్చే పెద్ద గ్రేడ్ పక్కవాటి మధ్య మరుగున పడిపోతుంది, తర్వాత దాన్నొక్కదాన్నే అమ్మాలంటే పలక పగలగొట్టాలి. ఒక్కటి మచ్చపడి ఉంటే కూడా విడదీయడమే మేలు, ఎందుకంటే కొనేవాడి కన్ను ముందు దాని మీదే పడుతుంది.

లోహాలు కలిసిన సెట్లలో ఈ తేడా సహజంగానే వస్తుంది. 1969 గాంధీ శతజయంతి నాణేలనే చూడండి. పది రూపాయలది 80 శాతం వెండి, 15 గ్రాములు. రూపాయి, యాభై పైసలు నికెల్. ఇరవై పైసలు అల్యూమినియం కంచు. వెండి గంధకం తగిలి నల్లబడుతుంది, కంచు గోధుమరంగుకు తిరుగుతుంది, నికెల్ ఏళ్లు గడిచినా తెల్లగానే ఉంటుంది. నాలుగూ ఒకే చోట ఉన్నా నాలుగింటికీ ఒకే అంకె వస్తుందని ఆశించకూడదు.

గుంటల కొలత కోసం వ్యాసాలు తెలియాలి. 2022 జూన్‌లో విడుదలైన ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ శ్రేణి ఐదు నాణేల్లో రూపాయి 20 మిల్లీమీటర్లు, రెండు రూపాయలు 23, ఐదు 25, పది 27. ఇరవై రూపాయల నాణెం కూడా 27 మిల్లీమీటర్లే, కానీ అది గుండ్రం కాదు, పన్నెండు భుజాలది. వంద రూపాయల స్మారక వెండి నాణేలు 44 మిల్లీమీటర్లు. అంత పెద్ద నాణెం ఉన్న సెట్‌కు తగిన బహుళ హోల్డర్ ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. వ్యాసం కోసం ఇనుప వెర్నియర్ దవడలు ప్రూఫ్ నాణేనికి తగిలించకండి. టంకశాల ప్రకటించిన కొలతలు రాస్తే చాలు.

మూడో పని: పరీక్ష

గది లైట్లు ఆపి ఒకే బల్బున్న టేబుల్ లాంప్ పెట్టుకోండి. కింద మెత్తటి మఖ్మల్ గుడ్డ పరవండి. ఐదు రెట్ల భూతద్దం సరిపోతుంది. పది రెట్లదైతే లెక్కలోకి రాని లోపాలు కూడా పెద్దవిగా కనబడి మనసు చెదురుతుంది, దాన్ని టంకశాల గుర్తు చూడ్డానికి వాడండి. నాణేన్ని అంచు దగ్గరే పట్టి దీపం కింద మెల్లగా అటూ ఇటూ తిప్పండి. గుడ్డతో తుడిచిన నాణెం మీద సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు ఒకే దిశలో మెరుస్తాయి. టంకశాల మెరుపైతే బండి చక్రం ఆకుల్లా తిరుగుతుంది. ప్రూఫ్ నాణెంలో అద్దంలాంటి నేల మీద వేలిముద్ర, తుంపర మచ్చ ఉన్నాయేమో చూడండి. నాణెం మీదికి వంగి మాట్లాడటం వల్ల పడిన తుంపర కొన్ని నెలల తర్వాత నల్ల చుక్కగా తేలుతుంది. చెమటలోని ఆమ్లం తిన్న వేలిముద్ర ఇక పోదు.

టంకశాల గుర్తులు కూడా ఇప్పుడే సరిచూడండి. హైదరాబాద్‌ది సంవత్సరం కింద నక్షత్రం, నోయిడాది చుక్క, ముంబైది వజ్రాకారం (ప్రూఫ్ నాణేల మీదైతే M, పాతవాటి మీద B), కోల్‌కతాకు గుర్తు ఉండదు. నాలుగు నక్షత్రాలు, ఒక చుక్క ఉన్న సెట్ ఎవరో చిల్లరలోంచి ఏరి కూర్చినది. అది టంకశాల సెట్ కాదు.

నాలుగో పని: తోమకపోవడం

చింతపండు, కుంకుడు రసం, బూడిద, పళ్లపొడి, పాత్రలు తోమే పొడి వీటిలో ఏది తగిలినా డీటెయిల్స్ ఖాయం. కంసాలి దగ్గర మెరుగు పెట్టించడం ఇంకా చేటు. కరీంనగర్ వెండి నగిషీ పనివాళ్ల చేతిలో వెండి తీగ మెరిసే తీరు వేరు, నాణేనికి కావాల్సింది వేరు. నగకు మెరుగు ప్రాణం. నాణేనికి టంకశాల అచ్చు దిగినప్పటి పైపొర ప్రాణం. మెరుగు పెట్టడమంటే ఆ పొరను తీసేయడమే. వెండి మీద సహజంగా పట్టిన రంగును అలాగే వదిలేయండి, కొన్నిసార్లు దానికే గిరాకీ ఎక్కువ.

ఒక్క మినహాయింపు పీవీసీ జిగురు. పాత మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో ఉన్న నాణేల మీద పచ్చటి జిగట పొర పడుతుంది. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపిన రసాయనాలు వేడికి బయటికి కారి రాగిని తింటాయి. ఎండాకాలంలో 44, 45 డిగ్రీలు చూసే మన ఊళ్లలో ఇది తొందరగా మొదలవుతుంది. ఆ పొర ఉన్న నాణేన్ని గ్రేడింగ్ సంస్థలు సీలు వేయవు.

దీనికి ప్రయోగశాల రసాయనాల దుకాణంలో దొరికే శుద్ధమైన అసిటోన్ వాడాలి. గోళ్లరంగు తుడిచే ద్రవం వద్దు, దాంట్లో నూనెలు, సువాసనలు కలిసి ఉంటాయి. గాజు గిన్నెలోనే పోయండి, చాలా ప్లాస్టిక్‌లు కరిగిపోతాయి. నాణేన్ని పది, పదిహేను నిమిషాలు నానబెట్టి, తిరగేసి మరో పది నిమిషాలు ఉంచి, తాజా అసిటోన్ ఉన్న రెండో గిన్నెలో ముంచి తీసి గాలికి ఆరనివ్వండి. రుద్దకూడదు, దూది కూడా తగలనివ్వకూడదు. పొయ్యి, అగరుబత్తి దగ్గర్లో ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. పొర పోయాక గుంటలు కనిపిస్తే లోహం అప్పటికే తినేసిందని అర్థం. ప్రూఫ్ నాణేల మీద ఈ పని ఇంట్లో చేయకండి. ఎన్‌జీసీకి అనుబంధంగా ఎన్‌సీఎస్ అనే సంరక్షణ సేవ ఉంది, వాటిని దానికి వదిలేయండి.

ఐదో పని: ప్యాకింగ్, ఫారం

ఒక్కో నాణేన్ని మైలార్ ఫ్లిప్‌లో (రెండు జేబులున్న పారదర్శక ప్లాస్టిక్ కవరు) పెట్టండి. పిన్నులు కొట్టిన అట్టముక్కలు వద్దు, విప్పేటప్పుడు పిన్ను మొన నాణేన్ని గీస్తుంది. ఫ్లిప్ రెండో జేబులో చీటీ పెట్టి సెట్ అంకె, నాణెం అంకె రాయండి: ‘సెట్ 1, ఐదులో 2’. ఒక సెట్ ఫ్లిప్‌లన్నీ వరసలో కలిపి చిన్న జిప్ సంచిలో వేయండి. రబ్బరు బ్యాండు వేయకండి, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

ఫారంలో ఒక్కో వరసలో దేశం, సంవత్సరం, విలువ, టంకశాల గుర్తు, ప్రూఫా కాదా, మీరు ప్రకటించే ధర రాయాలి. బీమా ఆ ధర మీదే నడుస్తుంది, తగ్గించి రాస్తే నష్టం మీదే. బహుళ హోల్డర్ కావాలని స్పష్టంగా రాసి, ఎడమ నుంచి కుడికి వరస చెప్పండి. మరో ప్రశ్న తప్పక అడిగి జవాబు రాతలో తీసుకోండి: ఐదింట్లో ఒకటి డీటెయిల్స్ అయితే మిగతా నాలుగింటిని ఏం చేస్తారు? ఇది ముందే తేలకపోతే సెట్ విడిపోయి తిరిగొచ్చే అవకాశం ఉంది. టంకశాల పెట్టె, ధ్రువపత్రం మీ దగ్గరే ఉంచుకోండి. కొత్తగా విడుదలైన సెట్‌కు ఎన్‌జీసీ ‘ఎర్లీ రిలీజెస్’ లేబుల్ కావాలంటే విడుదలైన 30 రోజుల్లోపు నాణేలు వాళ్లకు చేరాలి.

ఆరో పని: పంపడం

చాలా కొరియర్ సంస్థలు నాణేలు తీసుకోవు. సొంతంగా విదేశానికి పంపబోతే కస్టమ్స్ దగ్గర చిక్కుకుంటుంది. గ్రేడింగ్ సంస్థ తన వెబ్‌సైట్‌లో చూపించే అధీకృత డీలర్ ద్వారా వెళ్లడమే సరైన దారి. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్‌లోని డీలర్‌కు, లేదా అక్కడ జరిగే నాణేల ప్రదర్శనలో, చేతికిచ్చి రసీదు తీసుకోవడం తపాలా కన్నా నయం. రసీదు మీద ఒక్కో నాణెం వివరం ఉండాలి. ఇచ్చేముందు ప్రతి నాణేనికీ రెండు వైపులా ఫొటో తీయండి. దేశం దాటినప్పటి కాగితాల ప్రతి అడగండి, అవి లేకపోతే తిరుగు ప్రయాణంలో కొత్త సరుకుగా లెక్కగట్టి సుంకం వేసే ప్రమాదం ఉంది.

ఖర్చులో నాణేనికి రుసుము, హోల్డర్, రానుపోను రవాణా, బీమా, డీలర్ కమీషన్, పన్ను అన్నీ కలుస్తాయి. మొత్తం సెట్ మార్కెట్ ధరలో మూడో వంతు దాటితే పంపకండి. మామూలు అమృత్ మహోత్సవ్ సెట్ చాలావరకు ఈ లెక్కలో నిలబడదు.

ఏడో పని: తిరిగొచ్చాక

సర్టిఫికెట్ అంకెను సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి సరిచూడండి. లేబుల్ మీద సంవత్సరం, విలువ, టంకశాల, నాణేల వరస చదవండి, లోపల నూలు పోగు చిక్కిందేమో వెలుతురులో చూడండి. లేబుల్ తప్పయితే పలక తెరవకుండా వెంటనే డీలర్‌కు రాతలో చెప్పండి.

స్లాబ్‌ను అల్ట్రాసోనిక్ పద్ధతిలో అతికిస్తారు గానీ అందులోకి గాలి చొరబడుతుంది. అంటే లోపలి వెండి నల్లబడొచ్చు. బీరువాలో బట్టల మధ్య కలరా గోలీల పక్కన పెట్టకండి. గాలి చొరబడని డబ్బాలో నిలువుగా నిలబెట్టి, సిలికా జెల్ సంచులు వేయండి. వానాకాలం మొదలవగానే, మధ్యలో మరోసారి వాటిని మార్చండి. సర్టిఫికెట్ అంకెలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి స్లాబ్‌లతో కాకుండా వేరే చోట ఉంచండి. దొంగతనం జరిగితే పోలీసులకైనా, బీమా వాళ్లకైనా చూపించాల్సింది ఆ అంకెలే.