పర్యావరణానికి భారం కాని హనీమూన్ – 4వ పాఠం: ముందు బోరు సంగతి అడగండి

ఈసారి సామాన్లు సర్దడం గురించి చెప్పాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన పని చాలామందికి కుదరలేదు. అది కుదరకుండా ముందుకు పోయి లాభం లేదు.

నచ్చిన బసకు ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోమన్నాను: నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, చెత్త ఎవరు తీసుకెళ్తారు. ఆదోని, ధర్మవరం, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన జవాబులు చూస్తే, ఎక్కువమంది "మీది ఎకో రిసార్టేనా?" అని ఒక్క ప్రశ్నే అడిగారు. అవతలివాళ్లు అవునన్నారు, ఫొటోలు పంపారు. వెదురు కాటేజీ, కొబ్బరి బోండంలో కాగితం స్ట్రా, గోడ మీద తాబేలు బొమ్మ. అవి చూసి అడ్వాన్స్ కట్టేశారు.

రైలు విషయంలో మాత్రం అందరూ బాగా చేశారు. నంద్యాల, డోన్, గుంతకల్ మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోవాలోని మడ్గావ్‌లో దిగితే, అక్కడి నుంచి కొంకణ్ రైలులో గోవాలోనే ఉన్న కాణకోణకు, కర్ణాటక తీరంలోని గోకర్ణ రోడ్డు, హొన్నావర దాకా పోవచ్చు. మడ్గావ్ పోయే ఆ అమరావతి ఎక్స్‌ప్రెస్ వారంలో అన్ని రోజులూ ఉండదు, తేదీలు చూసుకోండి. విమానం, రైలు తేడా మళ్లీ చెప్పను.

వైశాఖంలో పెళ్లి పెట్టుకుని, పదహారు రోజుల పండగ అయ్యాక జూన్‌లో గోకర్ణకు బుక్ చేసినవాళ్లు కొందరున్నారు. తేదీ మార్చుకోండి. పడమటి తీరంలో అప్పటికి రుతుపవనాలు దిగుతాయి, సముద్రంలో కాలు పెట్టనివ్వరు. జూన్ 1 నుంచి జూలై 31 దాకా మరపడవల వేట కూడా బంద్. ఆ రోజుల్లో పళ్లెంలోకి వచ్చే చేప చాలావరకు ఐసులో నిలవ ఉన్నదో, దూరం నుంచి తెచ్చిందో అయి ఉంటుంది. తర్వాత ఎలాగూ ఆషాఢం, అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది. కార్తీకం దాకా ఆగడం అన్నివిధాలా మేలు.

ఇక అసలు చిక్కుకు వస్తాను. పేరులో "ఎకో" పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బోర్డు రాసే పెయింటర్ ఉంటే చాలు. వెదురు గోడ పర్యావరణానికి మంచిదే, ఏసీ పెట్టనంత వరకు. ఏసీ పెట్టిన వెదురు గదికి బయటివైపు నిలబడి బద్దల సందుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, చల్లగాలి తగులుతుంది. లోపల మిషన్ రాత్రంతా ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. కరెంటు లెక్కన దానికంటే మామూలు ఇటుక గోడ, ఫ్యాను, ఎదురెదురు కిటికీలు ఉన్న పాత ఇంటి పైగది ఎంతో నయం. నేనైతే స్థానిక కుటుంబం నడిపే అలాంటి గదే వెతుకుతాను.

ఇంకొందరు "మాది బ్లూ ఫ్లాగ్ బీచ్" అని చెప్తారు. శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. హొన్నావర దగ్గరి కాసర్‌కోడ్ బీచ్‌కి 2020లో ఆ గుర్తింపు వచ్చిన మాట నిజమే. దాని కోసం 33 ప్రమాణాలు చూస్తారు. కానీ అది బీచ్‌కి ఇచ్చేది. పక్కన ఉన్న హోటల్ తన మురుగును ఏం చేస్తోందో అది చెప్పదు.

అందుకే నీళ్ల దగ్గర మొదలుపెట్టమన్నాను. వెయ్యి అడుగులు వేసినా బోరులో తడి తగలని ఊళ్లు చూసిన మనకు ఈ ప్రశ్న అడగడం ఒకరు నేర్పాల్సిన పని కాదు. సముద్రం ఒడ్డున చిక్కు వేరే రకం. అక్కడ నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లెక్క ప్రకారం, సముద్ర మట్టానికి పైన మంచినీరు 1 మీటరు ఉంటే కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. తోడితోడి పైన ఆ ఒక్క మీటరు తగ్గిస్తే, కింద నుంచి ఉప్పునీరు అదే నిష్పత్తిలో పైకి వస్తుంది. ముందు చెడేది రిసార్ట్ బోరు కాకపోవచ్చు, పక్కనున్న జాలరివాళ్ల బావి కావచ్చు. రిసార్ట్ ట్యాంకర్ తెప్పించుకుంటుంది. వాళ్లేం చేయాలి?

ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మీటరుంపావు లోతు ఉన్న చిన్న స్విమ్మింగ్ పూల్‌లో 40 వేల లీటర్లు పడతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఎండాకాలంలో అనంతపురం వీధిలో ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెల వరస ఎలా ఉంటుందో మీకు తెలుసు. పూల్ ఉన్న బసను నేను లిస్టులోంచే తీసేస్తాను, ఎదురుగా సముద్రం ఉండగా దాంతో పనేముంది.

మురుగు గురించి అడిగేటప్పుడు "సెప్టిక్ ట్యాంక్ ఉందా?" అనకండి. ఉందంటారు. "చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారు?" అనండి. నెల, సంవత్సరం చెప్తే మంచి గుర్తు. "మాది ఎప్పటికీ నిండదండీ" అన్నారంటే అది ఇసుకలోకి ఇంకిపోతోందని అర్థం. అక్కడి నుంచి బావిలోకి, సముద్రంలోకి. శుద్ధి చేసిన నీటిని తోటకు పెడుతున్నామంటే ఇంకా మంచిది.

చెత్త గురించి ఒక్క మాట చాలు: తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా ఎవరికి ఇస్తున్నారో చెప్పగలగాలి.

మాఘం, ఫాల్గుణాల్లో పెళ్లయి గోవా వైపు వెళ్లేవాళ్లు నాలుగో ప్రశ్న కూడా అడగాలి. మోర్జిం, మాండ్రెం, అగోండా, గల్జీబాగ్ తీరాల్లో ఆ నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రాగానే వెలుగు ఎటుంటే అటు పోతాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రం వైపే ఉంటుంది. హోటల్ లైట్లు వెలుగుతుంటే రోడ్డు వైపు నడుస్తాయి. కాబట్టి "బీచ్ వైపు లైట్లు రాత్రి ఎన్నింటికి ఆర్పేస్తారు?" అని అడగండి. రాత్రి ఇసుకలో నడిచేటప్పుడు మీ ఫోన్ టార్చ్ కూడా వద్దు.

ఈసారి అభ్యాసం కాస్త కష్టంగానే ఉంటుంది, ఇద్దరూ చేయాలి. పెళ్లి ఇంకా కాకపోతే ఎవరింట్లో వాళ్లు చేయండి. ఒక రోజంతా షవర్ వాడకుండా, స్నానానికి, బట్టలకు, మిగతా అన్నిటికీ ఎన్ని బకెట్ల నీళ్లు వాడారో కాగితం మీద రాయండి. తర్వాత మూడు బసలకు ఫోన్ చేసి, జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి, మీ అభిప్రాయం కలపకండి. ఆ మూడింటినీ ఉపగ్రహ మ్యాప్‌లో తెరిచి పూల్ ఉందా, ఊరి ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయి, పక్కన వాగు గానీ కాలువ గానీ ఉందా చూడండి. ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు మొదటి ఫోన్ అక్కడికే చేయాలి. జవాబులు సరిగా రాకపోతే, ఏ తేదీలోపు క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి ఇస్తారో అదే ఫోన్‌లో అడిగేయండి. రాసుకున్న కాగితాలు ఫొటో తీసి పంపండి, అవి చదివాకే సామాన్ల పాఠం.