గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతోందా? కొత్త కూలర్ కొనే ముందు, కొన్నాక

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, "అన్నా, గేమ్ పెట్టిన పది నిమిషాలకే ఫ్యాన్లు గోల పెడుతున్నాయి, మంచి కూలర్ ఏదైనా చెప్పు" అని ఫోన్లు మొదలవుతాయి. సీటీసీకి (సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్) బయలుదేరే ముందు దయచేసి ఒక్క పని చేయండి. క్యాబినెట్ సైడ్ ప్యానెల్ విప్పేసి, అదే గేమ్ ఇరవై నిమిషాలు ఆడి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చేయని పని ఇదే.

ప్యానెల్ తీయగానే 8-10 డిగ్రీలు తగ్గింది

తప్పు కార్డుది కాదు, లోపల గాలి ఆడట్లేదు. కంప్యూటర్ టేబుల్ కింది అరలో మూడు వైపులా చెక్క మధ్య పెట్టేస్తే, వెనక నుంచి వచ్చిన వేడిగాలి తిరిగి ముందు నుంచే లోపలికి వెళ్తుంది. బయటికి లాగండి, దుమ్ము దులపండి, ముందు వైపు రెండు 120 ఎంఎం ఫ్యాన్లు పెట్టండి. మే నెలలో గది ఎంత వేడెక్కితే కార్డూ దాదాపు అంతే వేడెక్కుతుంది. ఏ కూలరూ దాన్ని ఆపలేదు.

కోర్ 75 దగ్గరే ఉంది, హాట్‌స్పాట్ మాత్రం 105

కోర్ అంటే చిప్ మామూలు వేడి, హాట్‌స్పాట్ అంటే అదే చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు. వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ పక్కపక్కన చూడండి. మామూలుగా తేడా 10-15 డిగ్రీలు ఉంటుంది. 25 దాటిందంటే కూలర్ అడుగుభాగం చిప్ మీద సరిగ్గా ఆనట్లేదు, లేదా ఆ రెండిటి మధ్య పూసే థర్మల్ పేస్టు పనిచేయట్లేదు. పాత కార్డయితే పేస్టు మార్చండి, చాలావరకు అక్కడితో సరిపోతుంది.

పేస్టు మార్చాక కూడా తేడా అలాగే ఉందా? అయితే మెమరీ చిప్‌లకూ కూలర్‌కూ మధ్య ఉండే మెత్తటి థర్మల్ ప్యాడ్లు చూడండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక కార్డులో మెమరీ వేడెక్కుతోందని ప్యాడ్లు మార్చాను. "మందం ఎక్కువుంటే ఇంకా మంచిది" అని షాపులో చెప్తే, 1 ఎంఎం ఉన్నచోట 1.5 వేశాను. మెమరీ చల్లబడింది, హాట్‌స్పాట్ వందకు ఎక్కి కూర్చుంది. నాసిరకం పేస్టు అనుకుని మూడుసార్లు మార్చాను. నాలుగోసారి విప్పినప్పుడు లైటు కింద పెట్టి చూశాను. చిప్ మధ్యలో పేస్టు నేను వేసిన ముద్ద వేసినట్టే ఉంది. కూలర్ సరిగ్గా ఆనితే అది తుడిచినట్టు పల్చగా పరుచుకోవాలి. ఆ అర మిల్లీమీటరు ప్యాడే కూలర్ మొత్తాన్ని పైకి లేపి పట్టుకుంది. స్క్రూలు ఎంత బిగించినా లాభం లేదు, పైగా బోర్డు వంగుతుంది.

పాత ప్యాడ్ కొలిచి కొత్తది కొనేటప్పుడు ఇంకో మోసం ఉంది. నలిగిన ప్యాడ్ మధ్యలో కొలిస్తే 1 ఎంఎం కాస్తా 0.8 అనిపిస్తుంది. చిప్ తగలని అంచు దగ్గర వెర్నియర్ పెట్టి కొలవండి. చిప్ ఒకటే అయినా కంపెనీ మారితే మందం మారుతుంది, కాబట్టి మీ మోడల్ పేరుతోనే వెతకండి. కొత్తవి వేశాక స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, వెంటనే మళ్లీ విప్పి చూడండి. చిప్ మీద పేస్టు అన్ని మూలలకూ పాకాలి, ప్యాడ్ మీద మెమరీ చిప్ చతురస్రం అచ్చు పడాలి. ఈ రెండూ కనిపించేదాకా కంప్యూటర్ ఆన్ చేయొద్దు. మందం ఎంతో తేలకపోతే థర్మల్ పుట్టీ వాడండి, ఎంత ఖాళీ ఉంటే అంతకు సర్దుకుంటుంది.

కొత్త కూలర్ వేశాక కోర్ 60, కానీ గేమ్ ఆగిపోతోంది

కంపెనీ కూలర్ చిప్‌తో పాటు మెమరీనీ, వీఆర్‌ఎంనీ (చిప్‌కు కరెంటు సర్ది ఇచ్చే భాగం) కూడా చల్లబరిచేది. మీరు వేసినది చిప్‌ను మాత్రమే తాకుతోంది. కొన్ని కార్డుల్లో ఉండే జీడీడీఆర్6ఎక్స్ రకం మెమరీ 110 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకే కూలర్ ఎంచుకునేటప్పుడు మెమరీకి, వీఆర్‌ఎంకి ఏం ఇస్తున్నారో ముందు చూడండి. రైజిన్‌టెక్ మార్ఫియస్ కూలర్‌తో చిన్న హీట్‌సింకులు (వేడిని లాగే లోహపు ముక్కలు) వస్తాయి. లిక్విడ్ కూలర్‌ను కార్డుకు బిగించే క్రాకెన్ జీ12 బ్రాకెట్‌కు వీఆర్‌ఎం కోసం 92 ఎంఎం ఫ్యాన్ ఉంటుంది. చిప్ చుట్టూ ఉన్న స్క్రూ రంధ్రాల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలుచుకుని, కూలర్ మదర్‌బోర్డు మీద ఎన్ని స్లాట్ల చోటు తింటుందో చూసుకుని వెళ్లండి. కార్డు మీది ఫ్యాన్ పిన్ను చిన్నది, మామూలు ఫ్యాన్ వైరు పట్టదు. అడాప్టర్ కూడా అప్పుడే తీసుకోండి.

హీట్‌సింకు బాగుండి ఫ్యాన్లే అరిగిపోయి ఉంటే, పై ప్లాస్టిక్ తీసేసి రెండు 120 ఎంఎం ఫ్యాన్లు జిప్ టైలతో కట్టండి. చాలా కార్డులకు అది చాలు.

సెన్సర్ పాడవడం, హీట్‌పైపు (కూలర్‌లో వేడిని మోసే గొట్టం) లోపల ఎండిపోవడం లాంటివి చాలా అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.