జెఫర్సన్ రాసుకున్న పద్ధతిలో వెనిలా ఐస్‌క్రీమ్

తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1784 నుంచి 1789 దాకా పారిస్‌లో ఉన్నాడు. మంచి వైన్ మీద, ఫ్రెంచి వంట మీద మక్కువ అక్కడే ముదిరింది. ఐస్‌క్రీమ్ తయారీని ఆయన స్వయంగా రాసుకున్న కాగితం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. వర్జీనియాలోని ఆయన ఇల్లు మాంటిసెల్లోలో ఫ్రెంచి వంట వండిన చెయ్యి మాత్రం జేమ్స్ హెమింగ్స్‌ది. పారిస్‌లో వంట నేర్చిన హెమింగ్స్ జెఫర్సన్‌కు బానిస. 1796లో గానీ విముక్తి దొరకలేదు. ఈ వంటకం గురించి చెప్పేటప్పుడు ఆ పేరు వదిలేయకూడదు.

కాగితంలో ఉన్నవి రెండు సీసాల మీగడ, ఆరు పచ్చసొనలు, అర పౌండు చక్కెర, ఒక వెనిలా కాయ. ఇంట్లోకి సగం చాలు: 750 మి.లీ. చిక్కటి క్రీమ్, మూడు సొనలు, 115 గ్రాముల చక్కెర, అర కాయ.

సొనలు, చక్కెర బాగా కలిపి పక్కన పెట్టండి. క్రీమ్‌లో వెనిలా కాయ వేసి, పొంగు రాబోతుండగా దించండి. ఆ క్రీమ్‌ను సన్నటి ధారగా సొనల్లో పోస్తూ కలపండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే సొన ఉడికి ముక్కలవుతుంది. మళ్లీ సన్నటి సెగ మీద పెట్టి, అడుగంటకుండా తిప్పుతూనే ఉండండి. జెఫర్సన్ మరిగే ముందు దించమన్నాడు. థర్మామీటర్ ఉంటే 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపండి. 85 దాటితే విరుగుతుంది. గుడ్డలో వడకట్టి పూర్తిగా చల్లార్చండి. వేడిగా ఉంటే మంచు ముందే కరిగిపోతుంది.

ఇక గడ్డకట్టించడం. అసలు పనితనం ఇక్కడే. మూత గట్టిగా పట్టే లోహపు డబ్బాలో పోసి, బకెట్‌లో మంచుముక్కల మధ్య దింపండి. ఆయన గుప్పెడు ఉప్పు అన్నాడు గానీ, మూడు పాళ్ల మంచుకు ఒక పాలు ఉప్పు వేస్తేనే పని త్వరగా అవుతుంది. ఉప్పు మంచును కరిగిస్తుంది, కరిగే మంచు డబ్బాలోని వేడిని లాగేస్తుంది. మూత మీదా ఉప్పు చల్లి మంచు కప్పండి. ఏడెనిమిది నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత పది నిమిషాలు డబ్బాను మంచులోనే గుండ్రంగా తిప్పండి. మూత తీసే ముందు అంచు తుడవండి, ఉప్పునీరు ఒక్క చుక్క పడినా రుచి పాడవుతుంది. గోడలకు అంటిన పొరను గరిటెతో గీకి మధ్యలోకి తోసి, మళ్లీ మూసి తిప్పండి. ఇలా గీకడంలో బద్ధకిస్తే పెద్ద పలుకులు కట్టి నాలుకకు ఇసుకలా తగులుతుంది.

గట్టిపడ్డాక బాగా కలిపి అచ్చులో నింపండి. అచ్చును మోకాలి మీద తట్టి కూరమన్నాడు జెఫర్సన్. లోపల గాలి మిగిలితే వంటకం గుంటలు పడి వస్తుంది. వడ్డించేదాకా అచ్చు మంచులోనే ఉండాలి. తీసేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో ముంచి, కదలిక తెలియగానే పళ్లెంలోకి తిప్పేయండి.

తోడుగా వైన్ కావాలంటే, జెఫర్సన్ మెచ్చి తెప్పించుకున్న ఇకెమ్ లాంటి సోటెర్న్ (ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు తీపి తెల్ల వైన్) బాగుంటుంది. చల్లదనానికి నాలుక మొద్దుబారి వైన్ సువాసన తెలియదు కాబట్టి, మొదటి గుక్క ఐస్‌క్రీమ్‌కు ముందే తాగండి.