కొత్త భాష ధ్వనుల్ని పట్టుకోవాలంటే ముందు అక్షరాలు మర్చిపోండి

ఏ భాష ధ్వనుల్ని అర్థం చేసుకోవాలన్నా మొదట అడ్డొచ్చేది మనకొచ్చిన లిపే. క అని ఒక అక్షరం ఉంది కాబట్టి అదో ధ్వని, గ అని ఇంకో అక్షరం ఉంది కాబట్టి అది ఇంకో ధ్వని అని చిన్నప్పుడే బుర్రలో పడిపోయింది. తమిళం మాట్లాడే ఒకాయన ముందు కూర్చుని మొదటిసారి మాటలు రాసుకున్నప్పుడు నేను చేసిన నిర్వాకం కూడా ఇదే. క కి ఒక గడి, గ కి ఒక గడి, మాట మధ్యలో హ లాగా వినిపించిన దానికి మరో గడి పెట్టి, ఇవి మూడు వేరు వేరు ధ్వనులని తేల్చేసి గర్వంగా చూపించాను. ఆయన చూసి "ఇవన్నీ ఒకటే కదా" అన్నాడు. నాకు ఆయన చెవి మీదే అనుమానం వచ్చింది, నా మీద రాలేదు. రెండు వారాల పని గోవిందా.

ఆయన చెప్పిందే నిజం. తమిళం సొంత మాటల్లో, మాట మొదట్లో వస్తే క, ద్విత్వమైతే క్క, ముక్కుతో పలికే ధ్వని తర్వాతైతే గ, రెండు అచ్చుల మధ్య ఒంటరిగా ఉంటే గ గానో హ కి దగ్గరగానో పలుకుతారు. ఒకటి వచ్చే చోట రెండోది రాదు. అందుకే వాళ్ళ లిపిలో వీటన్నిటికీ ఒకే అక్షరం. ఇలా మనిషి ఒకడే, వేషాలు వేరైనప్పుడు ఆ మనిషిని వర్ణం అంటారు, వేషాల్ని సవర్ణాలు అంటారు. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, ఈ తేడా గుర్తుంటే చాలు.

మరి ఏది మనిషి, ఏది వేషం అని తేల్చేదెలా? రెండు మాటలు తీసుకోండి, మిగతాదంతా ఒకేలా ఉండాలి, ఒక్క ధ్వని మాత్రమే మారాలి. కోతి, కోటి. పది, పడి. అర్థం మారిపోయింది కాబట్టి తెలుగులో త వేరు, ట వేరు, ద వేరు, డ వేరు. ఇంగ్లిష్ తప్ప ఇంకేదీ రాని చెవికి కోతీ కోటీ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. నవ్వుకోకండి, మలయాళంలో పళ్ళ దగ్గర పలికే న వేరు, చిగుళ్ళ దగ్గర పలికే న వేరు, మన చెవికి రెండూ ఒకటే న. ఇలాంటి జంటల్ని మినిమల్ పెయిర్స్ అంటారు. ప్రతి ధ్వనికీ అచ్చంగా ఇలాంటి జంట దొరకదు, దగ్గర దగ్గరగా ఉన్న మాటలతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

ఇక పని మొదలుపెట్టాలంటే ముందు మాటలు కావాలి. రెండు మూడు వందలు చాలు. శరీర భాగాలు, అంకెలు, బంధువుల పేర్లు, తినడం, పడుకోవడం, నడవడం లాంటి పనులు. డిక్షనరీ ముందేసుకుని అడగొద్దు, అందులో సగం అరువు మాటలే ఉంటాయి. అరువు మాట అనిపించిన ప్రతిదాని పక్కనా ఒక చుక్క పెట్టుకోండి, ఎందుకో కింద చెప్తాను. మాటల్ని వరసగా చదివించొద్దు. పట్టిక చదువుతుంటే ఎవరి గొంతైనా ఒక రాగంలో పడిపోతుంది, చివరి మాట దగ్గర దిగిపోతుంది. "నేను ఫలానా అన్నాను" లాంటి ఒక వాక్యం పెట్టుకుని, ఆ ఫలానా చోట మాట మార్చుకుంటూ ఒక్కోటి మూడేసి సార్లు చెప్పించండి.

రికార్డింగ్ వేవ్ ఫైల్‌గా చెయ్యండి, 44,100 హెర్ట్జ్, 16 బిట్. మెసేజ్ యాప్‌లో వచ్చే వాయిస్ నోట్ ఈ పనికి పనికిరాదు, సైజు తగ్గించడానికి అది మనకు కావాల్సిన వివరాలనే కొంత కోసేస్తుంది. మైకు నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా ఉంచాలి, లేకపోతే ప అన్నప్పుడల్లా గాలి కొట్టి ఫైలు పాడవుతుంది. ఫ్యాన్ ఆపండి. రికార్డు చేసే ముందు అనుమతి అడగండి, ఎందుకో కూడా చెప్పండి.

విన్నది రాసుకోవడానికి ఐపీఏ, అంటే ఏ భాష ధ్వనికైనా ఒక గుర్తు ఉండే అక్షరమాల, నేర్చుకోక తప్పదు. ఇంటర్నేషనల్ ఫొనెటిక్ అసోసియేషన్ 1886లో పారిస్‌లో మొదలైంది, దాని అక్షరమాల మొదటి రూపం 1888లో వచ్చింది. ఆ చార్టు చూడగానే టెన్షన్ వస్తుంది గానీ, క చ ట త ప వరస వచ్చినవాళ్ళకి సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే మన వర్ణమాల నోటి వెనక నుంచి పెదాల దాకా వస్తే ఆ చార్టు పెదాల నుంచి వెనక్కి వెళ్తుంది, అంతే.

పరాయి భాష జోలికి వెళ్ళేముందు సొంత భాష మీద ఒకసారి చెయ్యి తిప్పుకోండి. చీమ, చెట్టు, చేయి అనండి. ఇప్పుడు చాప, చుక్క, చోటు అనండి. మొదటి మూడింటిలో నాలుక అంగిలి వైపు పోతుంది, తర్వాతి మూడింటిలో పళ్ళ దగ్గరకొచ్చి త్స లాగా పలుకుతుంది. (మీ నోట్లో ఈ తేడా రాకపోతే పెద్దవాళ్ళ చేత అనిపించి వినండి.) ఇ, ఈ, ఎ, ఏ ముందు ఒకటి, మిగతా అచ్చుల ముందు ఇంకోటి. తమిళం క కథే ఇది, ఒకే వర్ణం, రెండు వేషాలు. పాత వ్యాకరణాలు దీన్ని ఎప్పుడో గమనించి దంత్య చకారం, తాలవ్య చకారం అని పేర్లు పెట్టాయి, దంత్యానికి ౘ అని వేరే గుర్తు కూడా ఉంది.

సూత్రం దొరికిందని సంబరపడే లోపు చక్రం, చంద్రుడు అని చూడండి. అ ముందు ఉన్నా తాలవ్యమే. అవి సంస్కృతం నుంచి వచ్చినవి, చుక్క పెట్టుకోమన్నది ఇందుకే. వచ్చాడు అన్నా అంతే, ఆ ముందు తాలవ్యం. ఇది అరువు మాట కాదు, కానీ వచ్చి, ఆడు కలిసి ఏర్పడింది, ఆ ఇ పోతూ పోతూ దాని గుర్తు వదిలి వెళ్ళింది. నాకైతే సూత్రం కన్నా ఇలా దాన్ని తప్పే మాటలే ఎక్కువ నేర్పాయి.

చెవి ఒప్పుకోనప్పుడు ప్రాట్ తెరవండి. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన, ధ్వనిని బొమ్మగా చూపించి కొలిచే సాఫ్ట్‌వేర్ అది, ఉచితం. మేక, మేకు రెండూ రికార్డు చేసి చూడండి. రాతలో ఒకటే ఏ, కానీ మేకలో తర్వాత అ ఉంది కాబట్టి నోరు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే ఆ ధ్వని బొమ్మలో, ఎర్ర చుక్కల వరసలు కనిపిస్తాయి. నోటి ఆకారాన్ని బట్టి ధ్వని బలంగా ఉండే స్థాయిలివి, ఫార్మంట్లు అంటారు. అడుగు నుంచి మొదటిది మొదటి ఫార్మంట్. నోరు తెరిచేకొద్దీ అది పైకి జరుగుతుంది. మేకలో ఎంత, మేకులో ఎంత అని అచ్చు మధ్యలో క్లిక్ చేసి కొలవండి. ఒక సెట్టింగ్ మాత్రం చూసుకోండి, ఫార్మంట్ పరిమితి మగ గొంతుకైతే 5000 హెర్ట్జ్, ఆడ గొంతుకైతే 5500 పెట్టాలి. ఇది మర్చిపోయి తప్పుడు అంకెలు రాసుకునేవాళ్ళే ఎక్కువ.

చివరి పరీక్ష ఆ భాష మాట్లాడే మనిషి దగ్గరే. "ఈ రెండూ ఒకటేనా, వేరా?" అని మాత్రం అడగొద్దు, మొహమాటానికి ఏదో ఒకటి అనేస్తారు, లేదా తమ లిపిని తల్చుకుని జవాబు చెప్తారు. వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసిన జంటని కలగాపులగం చేసి ఒక్కొక్కటే వినిపించి, దాని అర్థం ఏమిటో చెప్పమనండి. ఇరవై సార్లలో ఇరవై సరిగ్గా చెప్తే అవి రెండు వర్ణాలు. పదీ పన్నెండు దగ్గర ఆగితే అది ఊహ, మీరు విన్న తేడా వాళ్ళ భాషలో లేదు. ఆ రెండు గడుల్నీ కలిపేసి, రెండో మనిషి దగ్గర మళ్ళీ మొదలుపెట్టండి.