మోటోక్రాస్ కోసం వైడ్ యాంగిల్ లెన్స్ ఎంచుకునే ముందు జాగ్రత్తలు

వానలు తగ్గి, హైదరాబాద్ శివార్లలో మోటోక్రాస్ (మట్టి దారుల్లో సాగే బైక్ పందెం) కోసం డర్ట్ బైకులు మళ్లీ దుమ్ము రేపే రోజులు దగ్గరపడుతున్నాయి.

ముందుగా మీరు నిలబడే చోటు తేల్చుకుని, ఆ తర్వాతే లెన్స్ చూడండి. వైడ్ యాంగిల్‌లో, అంటే విశాలమైన దృశ్యాన్ని ఒకే ఫ్రేమ్‌లో పట్టే లెన్స్‌లో, పది అడుగుల్లో ఉన్న బైక్ కూడా ఎంతో దూరంగా కనిపిస్తుంది కనుక, వ్యూఫైండర్‌ను నమ్మి ముందుకు జరిగితే ప్రాణానికే ముప్పు. కంచె బయటి నుంచి 16 మి.మీ. ఫోకల్ లెంత్‌లో (ఈ అంకె పెరిగేకొద్దీ బైక్ పెద్దగా కనిపిస్తుంది) బైక్ మరీ చిన్నదైతే, 35 మి.మీ. వరకు వెళ్లే జూమ్ తీసుకోండి.

లెన్స్ ముందు అద్దానికి ఫిల్టర్ (రక్షణగా పెట్టే పలుచని గాజు) బిగించే వీలుండాలి. వెనుక చక్రం చిమ్మిన గులకరాయి తగిలినా చాలాసార్లు ఫిల్టర్ పగిలి లెన్స్ దక్కుతుంది. ఉబ్బెత్తు అద్దమున్న లెన్స్‌లకు సాధారణంగా ఈ వీలుండదు.

మౌంట్ (లెన్స్ కెమెరాకు బిగిసే చోటు) దగ్గర రబ్బరు రింగు ఉందో లేదో చూడండి, సన్నటి ధూళి అక్కడి నుంచి కూడా లోపలికి చేరుతుంది.

ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చే ఎఫ్/2.8 లెన్స్ తప్పనిసరి కాదు. ఎండలో 1/1000 సెకను షట్టర్ వేగానికి ఎఫ్/4 చాలు.

కొనేముందు ఒకరిని ఫ్రేమ్ అంచున నిలబెట్టి ఫోటో తీయండి, వైడ్ యాంగిల్ వల్ల అంచుల్లో తల ఎంత సాగినట్టు కనిపిస్తుందో అక్కడే తెలుస్తుంది.