మోడల్ కిట్ ఎక్కడ తేడా కొట్టింది? దాన్ని బట్టి పనిముట్టు కొనండి

ముక్కలు అతికి చిన్న విమానమో, కారో కట్టుకునే ప్లాస్టిక్ మోడల్ కిట్ మొదటిసారి కొన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఏ టూల్ సెట్ తీసుకోమంటారు?" సెట్ వద్దనే చెబుతాను. జిప్పు సంచీలో పన్నెండో పదిహేనో పనిముట్లు పెట్టి అమ్మే సెట్లలో సగం మనం వాడం, వాడే సగానికి పదును ఉండదు. మొదటి కిట్‌కి ఒక చిన్న కట్టర్, ఒక బ్లేడు, మూడు నాలుగు నంబర్ల వాటర్ పేపర్ (నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు), ఒక సీసా ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్ ముక్కల్ని అతికే ద్రవం) చాలు. మిగతావి ఎప్పుడు కొనాలో కడుతున్న పనే చెబుతుంది. అందుకే పనిముట్ల జాబితా కాకుండా, విజయవాడలో ఇంట్లో కూర్చుని కడుతూ నేనూ, నా దగ్గర నేర్చుకున్న మా మేనల్లుడూ పడ్డ ఇబ్బందులే ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

ముందు రెండు మాటలు తెలిసి ఉండాలి. ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని వస్తాయి, ఆ చట్రం రన్నర్. ముక్కకీ రన్నర్‌కీ మధ్య ఉండే సన్నటి మెడ గేట్. విమానాలు, ట్యాంకులు, కార్ల కిట్లు ఎక్కువగా పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌తో వస్తాయి. కింద రాసిందంతా దాని గురించే.

ముక్క కోసిన చోట తెల్ల మచ్చ, లేదా చిన్న గుంట

కారణం: గేట్‌ని ముక్కకు ఆనించి ఒక్క దెబ్బతో కోయడం, లేదా చేత్తో మెలిపెట్టి విరిచేయడం. పాలీస్టైరీన్ వంగగలిగినంతకు మించి వంగితే లోపల కంటికి కనపడనంత చిన్న చీలికలు పడతాయి. వెలుతురు వాటి మీద చెదిరి మనకు తెల్లగా కనిపిస్తుంది. మెలిపెడితే ఒక్కోసారి ముక్కలోంచి కూడా కాస్త ప్లాస్టిక్ ఊడి వస్తుంది, ఆ గుంట అదే.

పరిష్కారం: రెండుసార్లు కోయండి. మొదట ముక్కకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో రన్నర్ వైపు కోసి ముక్కను విడదీయాలి. ఆ తర్వాత మిగిలిన మెడను అర మిల్లీమీటరు ఉంచి కోయాలి. ఆ అర మిల్లీమీటరు బ్లేడుతో పొరలు పొరలుగా తీసి, వాటర్ పేపర్‌తో సాపు చేయాలి. రెండో కోతకు ముక్క మీద ఒత్తిడి తక్కువ పడుతుంది కాబట్టి మచ్చ పడదు.

ఇక కట్టర్ సంగతి. కరెంటు పనికి వాడే కటింగ్ ప్లేయర్ పనికిరాదు. దాని పళ్లు రెండు వైపులా ఏటవాలుగా ఉండి ప్లాస్టిక్‌ను కోయకుండా నలిపేస్తాయి. ఎలక్ట్రానిక్స్ రిపేరు సామాను అమ్మే షాపులో, సర్క్యూట్ బోర్డు మీద తీగ కొసలు తెంపడానికి వాడే సన్నటి కట్టర్ అడగండి. దానికి ఒక వైపు చదునుగా ఉంటుంది. కోసేటప్పుడు ఆ చదును వైపు ముక్క వైపుకే ఉండాలి. ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది మంచి కట్టర్ కొన్నాక కూడా మచ్చలు పడుతున్నాయని బాధపడతారు. ఇంకో జాగ్రత్త: ఆ కట్టర్‌తో ఎప్పుడూ ఇనప తీగ కోయకండి. ఒక్కసారి అంచు నొక్కుకుపోతే ఇక ప్లాస్టిక్ నలుగుతూనే ఉంటుంది.

మచ్చ ఇప్పటికే పడిపోతే గోటితో కాసేపు గట్టిగా రుద్దండి, చిన్న మచ్చ తగ్గుతుంది. రంగు వేసే మోడల్ అయితే దిగులే అక్కర్లేదు, రంగు కింద అది కనపడదు.

బ్లేడు జారుతోంది, చెయ్యి తెగుతోంది

కారణం: పదును పోయిన బ్లేడు. పదును లేనప్పుడు బలం ఎక్కువ పెడతాం, బలం ఎక్కువైతే జారుతుంది. కొత్త బ్లేడు కంటే పాత బ్లేడే ప్రమాదం.

పరిష్కారం: మన ఊళ్లో ఇది తేలికే. సూర్యారావుపేట ఆసుపత్రుల మధ్య సర్జికల్ సామాను దొరికే చోట 3 నంబరు హ్యాండిల్, 11 నంబరు బ్లేడ్లు అడగండి. 11 నంబరు మొన తేలి, అంచు తిన్నగా ఉంటుంది, గేట్ చెక్కడానికి సరిగ్గా సరిపోతుంది. హ్యాండిల్ ఒక్కసారే కొంటాం, బ్లేడు చవక కాబట్టి మొండిదవగానే మార్చేయవచ్చు. బ్లేడు తొడిగేటప్పుడు, తీసేటప్పుడు వేళ్లతో పట్టుకోకండి, ప్లేయర్‌తో పట్టుకోండి. పిల్లలు కడుతుంటే ఈ బ్లేడు ఇవ్వకండి, వాళ్లకు వాటర్ పేపర్ ఒక్కటే చాలు. వాడేసిన బ్లేడ్లు చెత్తబుట్టలో పడేస్తే పొద్దున చెత్త తీసుకెళ్లే వాళ్ల చేతులు తెగుతాయి. ఖాళీ మాత్రల డబ్బాలో వేసి, నిండాక మూత చుట్టూ టేపు వేయండి.

కింద గాజు పలక, టైలు పెట్టి కోయకూడదు, మొన వెంటనే పోతుంది. కటింగ్ మ్యాట్ కొనేదాకా మందపాటి అట్ట చాలు.

అంటించిన చోట చుట్టూ తెల్లటి పొగ పట్టినట్టు ఉంది

మా మేనల్లుడి మొదటి విమానం 1/72 స్కేలుది, అంటే పొడవు అసలు విమానంలో 72వ వంతు. కాక్‌పిట్ మీద అద్దంలాంటి మూత అంటించి, తెల్లారి చూసి పరుగెత్తుకొచ్చాడు. "మామయ్యా, సరిగ్గానే అంటించాను కదా, లోపలంతా మంచు పట్టినట్టుంది చూడు." తుడిస్తే పోవడం లేదు, ఎందుకంటే అది లోపలి వైపు. ఆ అబ్బాయి మొహం చూస్తే నాకే కడుపులో తిప్పినట్టయింది.

కారణం: వాడింది ఇంట్లో ఉండే ఇన్‌స్టంట్ గ్లూ. అది సయనోఆక్రిలేట్. అది గాలిలోని తేమతో కలిసి గట్టిపడుతుంది. గట్టిపడేలోపు కొంత ఆవిరై, ఆ ఆవిరి పక్కనున్న ప్లాస్టిక్ మీద తెల్లటి పొడిలా దిగుతుంది. కృష్ణ ఒడ్డున వానాకాలంలో తేమకు కొదవ లేదు. దానికి తోడు గాలి ఆడని మూత లోపల ఆ ఆవిరికి వేరే దారి ఉండదు.

పరిష్కారం: పారదర్శకమైన ముక్కలకు మామూలు తెల్ల ఫెవికాల్ వాడండి. అగ్గిపుల్ల కొసతో సన్నగా రాస్తే ఆరాక కనపడదు, ఎక్కువైతే ఆరకముందే తడి గుడ్డతో తుడిచేయవచ్చు. పొగ పట్టిన మూత ఊడి వస్తే లోపలి వైపు 2000 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లలో రుద్ది, తర్వాత మెత్తటి గుడ్డ మీద టూత్‌పేస్టు వేసి ఓపిగ్గా పాలిష్ చేయండి. వాడి మూత అలాగే బాగుపడింది, గంట పైనే పట్టింది.

మిగతా అన్ని ముక్కలకూ ప్లాస్టిక్ సిమెంట్ కొనడమే సరైన దారి. ఖర్చులో కాస్త ఉదారంగా ఉండమని నేను చెప్పేది ఈ ఒక్క వస్తువు దగ్గరే. అది జిగురులా రెండు ముక్కల మధ్య కూర్చోదు. రెండు అంచులనూ కాస్త కరిగించి కలిపేస్తుంది, ద్రావకం ఎగిరిపోయాక రెండూ ఒకటే ప్లాస్టిక్. పలచటి రకం అయితే ముక్కలు రెండూ పట్టుకుని, సందు దగ్గర కుంచె ఆనిస్తే దానంతట అదే లోపలికి పాకుతుంది. కిటికీలు తీసి ఉంచండి, దీపం, అగరుబత్తి దగ్గర లేకుండా చూసుకోండి.

హార్డ్‌వేర్ షాపులో దొరికే పీవీసీ పైపుల సొల్యూషన్ కూడా "సిమెంటే కదా" అని వాడేవాళ్లున్నారు. దయచేసి వాడకండి. అందులోని ద్రావకాలు పాలీస్టైరీన్‌ను అదుపు లేకుండా కరిగిస్తాయి, సన్నటి ముక్క అయితే జావగారిపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్‌తో కూడా అదే గతి.

మోడల్ మీద వేలిముద్ర అచ్చు పడింది

కారణం: పలచటి సిమెంట్ సందు వెంట పాకుతూ వేలి కిందికి వచ్చింది.

పరిష్కారం: వెంటనే తుడవకండి, ఇంకా పాడవుతుంది. ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి 600, తర్వాత 1000 నంబరు పేపర్‌తో తడిగా రుద్దండి. ఇకమీదట వేళ్లను సందుకు దూరంగా పెట్టండి, కుంచెను సీసా అంచుకు ఒత్తి ఎక్కువైన సిమెంట్ వదిలించి రాయండి.

రెండు భాగాలు కలిపితే మధ్యలో సందు

కారణం: చాలాసార్లు గేట్ తునక ఒకటి లోపలి అంచున మిగిలిపోయి ఉంటుంది. అది లేకపోతే ఆరేటప్పుడు సరిగ్గా బిగించి ఉంచలేదన్నమాట.

పరిష్కారం: సిమెంట్ రాయకముందే ఒకసారి ఊరికే కలిపి చూడండి. బిగించడానికి క్లాంపులు కొననక్కర్లేదు. బట్టలారేసే క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, మాస్కింగ్ టేపు (రంగు అంటకూడని చోట వేసే కాగితపు టేపు) చాలు. క్లిప్పు పట్టు మరీ గట్టిగా ఉంటే మధ్యలో గుడ్డ ముక్క పెట్టండి.

సందు అప్పటికే ఉంటే గోడల పుట్టీ పెట్టకండి, అది ప్లాస్టిక్‌ను పట్టుకోదు. అదే కిట్ రన్నర్ నుంచి చిన్న ముక్కలు తుంచి, కాస్త సిమెంట్ పోసిన గాజు సీసాలో వేసి ఒక రాత్రి ఉంచండి. పాకంలా అవుతుంది. అగ్గిపుల్లతో సందులో నింపి, కనీసం రెండు రోజులు ఆగి రుద్దండి. ఇది చేసినప్పుడల్లా నాకు మన పక్కనున్న కొండపల్లి గుర్తొస్తుంది. అక్కడ తెల్లపొణికి చెక్క ముక్కలు అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. చెక్కకు చెక్క పొట్టు, ప్లాస్టిక్‌కు అదే ప్లాస్టిక్. ఒకే పదార్థం కాబట్టి రుద్దితే రెండూ ఒకేలా అరుగుతాయి, అతుకు ఎక్కడుందో తెలియదు.

రంగు వేశాక గీతలు తేలుతున్నాయి

కారణం: 220 లాంటి గరుకు పేపర్‌తో రుద్ది అక్కడితో ఆపేయడం.

పరిష్కారం: 400, 600, 1000 ఈ క్రమంలో, నీళ్లతో. అడుగు దాటేయకండి, 600 వేసేది 400 గీతలు తీయడానికే. నీళ్లు ఉంటే పొడి గాల్లోకి లేవదు, ఊపిరితిత్తులకూ మంచిది. పేపర్‌ను ఐస్‌క్రీమ్ పుల్లకు అంటిస్తే చదునైన చోట్లకు మంచి ఆకురాయి అయినట్టే. గుండ్రటి చోట్ల పుల్ల వాడితే గుండ్రం కాస్తా పలకబారిపోతుంది, అక్కడ పేపర్ వెనక స్పాంజి ముక్క పెట్టండి. బీసెంట్ రోడ్డు ఫ్యాన్సీ షాపుల్లో దొరికే గోళ్ల బఫర్ కూడా చివరి పాలిష్‌కు బాగుంటుంది.

మాస్కింగ్ టేపు తీస్తే రంగు కూడా ఊడొచ్చింది

కారణం రెండింట్లో ఒకటి. ఫ్యాక్టరీలో అచ్చు నుంచి ముక్క తేలిగ్గా రావడానికి రాసే పూత, మన చేతి చెమట ప్లాస్టిక్ మీద మిగిలి ఉండవచ్చు. లేదా టేపు పట్టు మరీ ఎక్కువ.

పరిష్కారం: రంగుకు ముందు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో ముక్కల్ని పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. సింక్‌కు జల్లెడ అడ్డం పెట్టడం మరవకండి. టేపును ముందు అరచేతికి ఒకటి రెండుసార్లు అంటించి తీస్తే పట్టు తగ్గుతుంది.

రెక్క వంగిపోయింది

కారణం: మే నెల ఎండలో కిటికీ పక్కనో కారు డ్యాష్‌బోర్డు మీదో పెట్టడం. కొన్నిసార్లు పెట్టెలోంచే వంకరగా వస్తుంది.

పరిష్కారం: మరిగించి దించిన నీళ్లలో, నిమిషం ఆగి, ముక్కను చిమటాతో (ట్వీజర్‌తో) పట్టుకుని కాసేపు ముంచండి. మెల్లగా సరిచేసి, అలాగే పట్టుకుని చల్లటి నీళ్లలో పెట్టండి. ఒక్కసారికి రాకపోతే మళ్లీ చేయండి, బలం పెట్టకండి.

చిటుక్కున ఎగిరిపోయిన ముక్క దొరకడం లేదు

కారణం: కోసేటప్పుడు ముక్కకు పట్టు లేకపోవడం, లేదా చిమటా కొసలు సరిగ్గా కలవకపోవడం.

పరిష్కారం: చిన్న ముక్కల్ని పారదర్శకమైన పాలిథీన్ కవర్ లోపల చేతులు పెట్టి కోయండి. చిమటా కొసలు తేడాగా ఉంటే మధ్యలో 1000 నంబరు పేపర్ పెట్టి, మెల్లగా నొక్కి లాగండి, తర్వాత పేపర్ తిప్పి ఇంకో వైపు. ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకుంటే సగం ముక్కలు నేలదాకా పోవు.

పడిపోతే మాత్రం ముందు ఫ్యాన్ ఆపండి, ఎవర్నీ నడవనివ్వకండి. పాత ఇళ్లలో మొజాయిక్ నేల మీద బూడిదరంగు ముక్క కంటికి ఆనదు. లైటు ఆపేసి, సెల్‌ఫోన్ టార్చి నేలకు ఆనించి అడ్డంగా తిప్పండి. ఎంత చిన్న ముక్కకైనా పొడవాటి నీడ పడుతుంది. దొరకగానే రన్నర్ మీదున్న దాని నంబరు రాసిన చిన్న కవర్లో వేసేయండి.