ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తే స్లైడు

విజయవాడలో ఓ కాలేజీ సెమినారుకు కృష్ణా వరద మీద స్లైడ్లు కావాలనుకుందాం. బ్యారేజీకి 70 గేట్లు, 2024 సెప్టెంబరు వరదలో అన్నీ ఎత్తేశారు. ఈ మాట ఊరికే రాసి పెడితే ఎవరి కంటికీ ఆనదు. స్లైడరు జరుపుతుంటే గేట్లు ఒక్కొక్కటే లేచేలా చేయొచ్చు, అందుకు బ్రౌజరు చాలు.

బ్రౌజరులో స్లైడ్లు నడిపే జావాస్క్రిప్టు సాధనం రివీల్.జేఎస్. దాని వెర్షన్ 5 జిప్ దించుకుని, అందులోని ఇండెక్స్ ఫైలునే మార్చుకోండి. ఒక్కో సెక్షన్ ట్యాగు ఒక్కో స్లైడు. సెక్షన్లో సెక్షన్ పెడితే కిందికి దిగే స్లైడ్లు వస్తాయి గానీ వాటి జోలికి ఎక్కువ పోవద్దు, చెప్పేవాళ్లే దారి తప్పుతారు.

స్లైడు వెడల్పు మామూలుగా 960 పిక్సెళ్లు. గేటుకు 12, మధ్య సందుకు 1 వేసుకుంటే మొత్తం 909, ఒకే వరసలో సరిపోతాయి. గేటుకో డివ్ (పెట్టె లాంటి హెచ్‌టీఎంఎల్ ట్యాగు) కావాలి. ఆ 70 డివ్‌లను చేత్తో రాయకండి, జావాస్క్రిప్టు లూపుతో పుట్టించండి. కింద స్లైడరుగా రేంజ్ రకం ఇన్‌పుట్ పెట్టి మిన్ 0, మ్యాక్స్ 70 ఇవ్వండి. స్లైడరు జరిగి ఇన్‌పుట్ ఈవెంటు వచ్చినప్పుడల్లా ఆ సంఖ్య వరకు గేట్లకు ఎత్తినట్టు నీలం, మిగతావాటికి బూడిద రంగు. ఎన్ని గేట్లకు ఎన్ని క్యూసెక్కులో మాత్రం చూపొద్దు. గేటు ఎంత ఎత్తారు, నీటిమట్టం ఎంత అన్నవి లేకుండా ఆ లెక్క తప్పు.

అసలు చిక్కు ఇక్కడుంది. స్లైడరును ముట్టుకోగానే ఫోకస్, అంటే కీలు అందుకునే వంతు, దాని మీదికి పోతుంది. ఇన్‌పుట్ మీద ఫోకస్ ఉన్నంతసేపూ రివీల్ కీబోర్డును పట్టించుకోదు. స్లైడ్లు మార్చే చేతి రిమోట్, అదే క్లిక్కరు, పంపేదీ చాలావరకు పేజ్ డౌన్ కీయే కాబట్టి, ఎంత నొక్కినా తర్వాతి స్లైడు రాదు. స్లైడరు వదిలాక వచ్చే ఛేంజ్ ఈవెంటులో ఆ ఇన్‌పుట్ మీద బ్లర్ (ఫోకస్ తీసేసే ఫంక్షను) పిలిస్తే తీరిపోతుంది. ఫోనులో గేటు బదులు స్లైడే జరిగిపోతుంటే, స్లైడరు ట్యాగులో డేటా-ప్రివెంట్-స్వైప్ చేర్చండి.

తెలుగు హెడ్డింగులు రివీల్ బ్లాక్ థీములో ఇరుక్కుపోతాయి. లైన్-హైట్ (వరస ఎత్తు) 1.2 కావడంతో పై వరసలో ‘బ్యారేజీ’ య-వత్తు కింది వరసలో ‘నీటి’ గుడిని తాకుతుంది. 1.5 చేయండి. నోటో శాన్స్ తెలుగు ఫాంటును ఫోల్డరులోనే పెట్టి సీఎస్ఎస్‌లోని ఫాంట్-ఫేస్‌తో కలపండి, హాల్లో నెట్ లేకున్నా అక్షరం మారదు.

ఇండెక్స్ ఫైలులో రివీల్‌ను మొదలుపెట్టే ఇనిషియలైజ్‌లో ఉన్న హ్యాష్ ట్రూని తీసేయకండి. పొరపాటున పేజీ రిఫ్రెష్ అయినా ఉన్న స్లైడులోనే ఉంటారు.